నీళ్లు పోసే చెయ్యి

బిష్కెక్,
సెప్టెంబరు, ఆదివారం.

అక్కా,

మన ఊరి తాష్తాన్ టాక్సీలో నువ్వు పంపిన పెట్టె అందింది. మీగడ పాడవలేదు. జామ్ సీసా మూత వదులై నానమ్మ అల్లిన మేజోళ్లకి అంటింది. ఉతికాను, మరక పోయింది.

నీకు ఒక విషయం చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు, కాబట్టి విషయమే రాస్తున్నాను. పచ్చబొట్టు వేయించుకున్నాను. ఎడమ చెయ్యి, మణికట్టు దగ్గర మొదలై పైకి. సగమే అయింది. మిగతా సగం నవంబరులో.

పువ్వు కాదు, తోడేలు కాదు, ఎవరి పేరూ కాదు. నానమ్మ కుట్టే ఉన్ని తివాచీల్లో రెండు రంగులు కలిసే చోట దారం వేస్తుంది కదా, ఒకటి కుడివైపుకి పేనింది, ఒకటి ఎడమవైపుకి పేనింది, రెండూ పక్కపక్కన. అదే. చిన్నప్పుడు నేను దాని మీద వేలు నడిపిస్తూ పొద్దంతా కూర్చునేదాన్ని. "దీనికి తివాచీ ఇస్తే చాలు, తిండి దండగ" అనేదానివి నువ్వు.

ఎందుకు అంటావు. నేను గోక్కునేది ఆ చోటే. రక్తం వచ్చినా ఆపనని నానమ్మ నా చొక్కా చేతులు పొడుగ్గా కుట్టి చివర్లు ముడివేసేది, గుర్తుందా. ఇప్పుడు గోకాలనిపిస్తే వేలు ఆ దారం వెంట నడుస్తుంది. చర్మం బాగుంది. ఇది ఒక కారణం. రెండోది చెప్పడం కష్టం. డాక్టరు నాకు ఆటిజం అని రాసిచ్చిన రోజు నువ్వు ఫోన్లో ఏడ్చావు. నేను ఏడవలేదు. బస్సులో కూర్చుని నా చేతులు చూసుకున్నాను. ఎవరివో పక్కన పెట్టి వెళ్లినట్టు ఉన్నాయి. నాకు తరచూ అలాగే ఉంటుంది. ఒళ్లు ఎక్కడిదాకా ఉందో తెలీదు, ద్వారబంధాలకి భుజాలు కొట్టుకుంటాను. అంచు దారం లేకపోతే రంగులు ఊడిపోతాయని నానమ్మ అనేది. అందుకని.

నొప్పి సంగతి. ట్రాలీబస్సులో ఎవరి కోటైనా నా చేతికి రాసుకుంటే చాలాసేపు ఆ చోటు మండుతూనే ఉంటుంది. సూది అలా లేదు. గీత ముందే గీసి ఉంది కాబట్టి ఎటు వెళ్తుందో తెలుసు. గట్టిగా, ఒకే తీరుగా వెళ్లింది. వేసే ఆవిడ పేరు వెనేరా. ముందే రాసి పంపాను: కబుర్లు వద్దు, పాటలు వద్దు, ముట్టుకునే ముందు చెప్పాలి. "నాకూ ఇదే హాయి" అంది. మిషన్ చప్పుడు మా కుట్టు కార్ఖానా చప్పుడు కంటే నయం. మధ్య మధ్య కాగితంతో తుడుస్తుంది, అది మాత్రం సూది కంటే బాధ. "తుడుస్తున్నా" అని చెప్పి తుడిచేది. పైన అతికించిన పలచటి ప్లాస్టిక్ పొర అంచులు భరించలేక అరగంటలో పీకేశాను. ఆవిడ తిట్టకుండా సబ్బుతో కడుక్కోమంది.

శనివారాలు నాలాంటి వాళ్లం కొందరం కలుస్తామని చెప్పాను కదా. అక్కడ చూపించాను. ఎల్దియార్‌కి ఆ ఊహే భయం. ఇంట్లో బల్ల పక్కకి జరిపితేనే నిద్ర పట్టదు, ఇక ఒంటి మీద కొత్త గీత వస్తే ఎలా అన్నాడు. నదీరాకి మెడ మీద పిట్ట ఉంది. పిట్ట ఇష్టమే గానీ, చూడాలని ముక్కూ మొహం తెలియని వాళ్లు మెడ పట్టుకుంటున్నారని ఎండాకాలంలో కూడా రుమాలు కట్టుకుంటోంది. ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంది.

సంతోషంగా ఉన్నానా అంటే తెలీదు. ఆ రోజు బాగా నిద్ర పట్టింది.

సిర్గా


ఆత్‌బాషీ,
సెప్టెంబరు ఆఖరు.

నా బంగారు తలనొప్పీ,

నీ ఉత్తరం పొయ్యి దగ్గర నిలబడి చదివాను. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది, మీ బావకి టీ లేదు. ఏమైందే అని అడిగితే చెప్పాను. ఎసెన్ సంగతి నీకు తెలుసుగా, ప్రతిదీ వేళాకోళమే. "మనం గొర్రెలకి చెవులు కోసి గుర్తు పెట్టుకుంటాం, బిష్కెక్‌లో జనం కూడా తప్పిపోతున్నారేమో" అన్నాడు. నేను నవ్వలేదు. తర్వాత నవ్వాను. ఆ తర్వాత ఒళ్లు మండింది.

ఊళ్లో ఇంతమంది ఆడపిల్లలున్నారు, ఒక్కరికైనా ఈ బుద్ధి పుట్టిందా? గోక్కోకుండా ఉండాలంటే చేతికి తొడుగు వేసుకో. అంచులు కావాలంటే శాలువా కప్పుకో. నీకేమిటి, పట్నంలో ఉన్నావు, అక్కడ ముక్కు కోసుకుని తిరిగినా పక్కవాడు చూడడు. ఇక్కడ బతికేది నేను.

ఇప్పుడు ముఖ్యమైన మాట. ఎండాకాలంలో మేనత్తలందరి ముందు నానమ్మ ఏమంది? "నన్ను కడిగే రోజున నీళ్లు సిర్గాయే పొయ్యాలి. మీరంతా నా మీద ఏడ్చి నీళ్లు ఉప్పగా చేస్తారు" అంది. అమ్మ పోయినప్పుడు నువ్వు చెంబు పట్టుకున్న తీరు ఆవిడ మర్చిపోలేదు. నేను గోడకి జారగిలబడి శోకాలు పెడుతున్నాను, మేనత్త చేతిలోంచి సబ్బు జారిపోయింది, నువ్వొక్కదానివే ఒక్క చుక్క అటూ ఇటూ పడకుండా పోశావు. బయట ఆడవాళ్లు నిన్ను రాతిగుండె అన్నారు. నానమ్మ మాత్రం, "చచ్చినవాళ్లకి కావల్సింది ఇలాంటి చెయ్యి" అంది.

ఇప్పుడు ఆ చెయ్యే ఇలా చేసుకొచ్చావు. ఖురాను చెప్పే బూబూసారా నీకు తెలుసు కదా, ఎక్కడ ఎవరు పోయినా స్నానం దగ్గర పెద్ద ఆవిడే. పచ్చబొట్టు ఉన్న చర్మం తడవదు, నమాజుకి ముందు కడుక్కునే వుజూ నిలవదు, ఆ చేత్తో పోసిన నీళ్లు శవానికి అంటవు అంటుంది. పోయిన చలికాలం ఎవరిదో కోడలి మణికట్టు మీద చిన్న నక్షత్రం కనిపించిందని గుమ్మంలోంచే పంపేసింది. ఆ పిల్ల ఇప్పటికీ తల ఎత్తుకుని సంతకి రాదు.

కాబట్టి చెప్తున్నాను. మిగతా సగం వద్దు. ఈ సగం ఎవరికీ చూపించకు. వచ్చేటప్పుడు బిగుతు చేతుల చొక్కా వేసుకో. నానమ్మకి నేను చెప్పను, నువ్వూ చెప్పకు. ఆవిడ బాగానే ఉంది, పళ్లు లేకపోయినా నన్ను నమిలేస్తోంది.

పెరుగు ఎండబెట్టి చేసిన కుర్ట్ ఉండలు పంపుతున్నాను, ఎక్కువ ఉప్పు వేయలేదు.

నీ అక్క జుమాగుల్


బిష్కెక్,
అక్టోబరు.

అక్కా,

నువ్వు రాసినవాటికి వరసగా జవాబు.

తొడుగు ప్రయత్నించాను. కుట్లు గుచ్చుకుంటాయి. శాలువా జారుతుంది.

చర్మం తడుస్తుంది. వెనేరాని అడిగాను. రంగు చర్మం లోపల ఉంటుంది, పైన ఉండదు. నీళ్లు పైచర్మానికి తగులుతాయి, అది అందరికీ ఉన్నటువంటిదే. ఇంట్లో కూడా చూశాను, రెండు చేతులూ ఒకేలా తడిశాయి. బూబూసారాని సరిగ్గా ఇలాగే అడుగు: రంగు లోపల ఉంటే నీళ్లు ఎక్కడ ఆగుతాయి? నేను వాదించడం లేదు. నాకు తెలియాలి. నిజంగానే నీళ్లు అంటకపోతే నేను పోయను, ఎందుకంటే నానమ్మ శుభ్రంగా వెళ్లాలి. అంటుతాయంటే పోస్తాను, ఎందుకంటే మాట ఇచ్చాను.

దాచమన్నావు. ఎంతకాలం దాచాలి, ఎవరెవరి దగ్గర, అడిగితే ఏం చెప్పాలి అన్నది రాయలేదు. నాకు దాచడం రాదని నీకు తెలుసు. నవంబరులో రెండో సగం మంగళవారం అవుతుంది. శుక్రవారం బయల్దేరి వస్తాను. నానమ్మకి నేనే చూపిస్తాను. కోప్పడితే కోప్పడుతుంది.

రాతిగుండె అన్నారని నాకు అప్పుడు తెలీదు. నిజానికి ఆ రోజు నాకు ఏమీ అనిపించలేదు. అది అబద్ధం ఆడి మార్చలేను. చెంబులో నీళ్లు ఎంత ఉన్నాయి, ఎటు పోయాలి అన్నదే చూశాను. నువ్వు మర్నాటి నుంచే మళ్లీ అన్నం నీళ్లు ముట్టావు. నేను మూడు నెలల తర్వాత ఒకరోజు రొట్టె కొట్టులో నిలబడి ఏం కొనాలో తెలియక, కాళ్లు కదలక, కొట్టు మూసేదాకా అలాగే నిలబడ్డాను. వాళ్లు పోలీసుని పిలిచారు. నీకు చెప్పలేదు. అడగలేదు కాబట్టి. అది అమ్మ గురించే అయ్యుంటుందని డాక్టరు ఇప్పుడు అంటున్నాడు. నాకు ఆలస్యంగా వస్తుంది, వచ్చినప్పుడు దాని పేరు ఏమిటో తెలీదు.

చుట్టాల ఫోను గుంపులోంచి బయటికి వచ్చేశాను, రోజంతా గణగణలాడుతోంది. ఏదైనా ఉంటే ఉత్తరం రాయి. మరీ అవసరమైతే బావని కార్ఖానాకి ఫోన్ చెయ్యమను. ఫోన్లో ఏమన్నా సూటిగా చెప్పమను.

సిర్గా


ఆత్‌బాషీ,
అక్టోబరు ఆఖరు.

సిర్గా,

పోలీసు దాకా పోయిన సంగతి ఇన్నేళ్లకి ఇలా రాస్తావా? చేతిలో రొట్టె ముద్ద అలాగే పట్టుకుని కూర్చున్నాను. అడగలేదని చెప్పలేదట. ఇక మీదట రోజూ నిద్ర లేవగానే "రొట్టె కొట్టులో నిలబడిపోయావా" అని అడగమంటావా? తల్లీ, అక్కకి అడక్కుండా చెప్పు.

నీ ప్రశ్న బూబూసారా దగ్గరికి తీసుకెళ్లాను. నీ పేరు చెప్పలేదు, పట్నంలో ఎవరో అన్నాను. ఆవిడకి అర్థమైపోయింది, నా మొహం చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. "నీళ్ల సంగతి పెద్ద చదువు చదివినవాళ్లని అడగాలి" అంది. ఆ తర్వాత, "కానీ జుమాగుల్, శుభ్రమైన చేతులు ఇన్ని ఉండగా ఆ చెయ్యే ఎందుకు?" అంది. నానమ్మ కోరింది అంటే, "ముసలాళ్లు చాలా కోరతారు" అంది.

నానమ్మ నడక తగ్గింది. కిటికీ దగ్గర కూర్చుంటుంది, ఉప్పేసిన పాలటీ తాగుతుంది, సంత నుంచి వచ్చేవాళ్లని చూసి ఎవరి కోటు ఎవరిదో చెప్తుంది. నీ గురించి రోజూ అడుగుతుంది. పెద్ద మేనత్త కూతుళ్లతో సహా ఇక్కడే ఉంది, ఎప్పుడు ఏం అవుతుందో అని. వాళ్లందరి కళ్లూ నా మీదే. మా అత్తగారు కూడా వింది నీ పచ్చబొట్టు సంగతి, ఎవరు మోశారో గానీ. నా చిన్నదానికి వచ్చే ఏడు సంబంధాలు చూడాలి, పిన్ని ఎలాంటిదని అడుగుతారు.

నీకు ఇవేవీ పట్టవని తెలుసు. నీ తప్పు కాదు. కానీ నాకు పట్టాల్సి వస్తుంది, ఇద్దరి వంతూ నేనే పడుతున్నాను.

రెండో సగం ఆపు. ఇంతకంటే ఎలా అడగాలో నాకు తెలీదు.

జుమాగుల్


ఆత్‌బాషీ,
నవంబరు, బుధవారం.

ప్రియమైన చెల్లెలు సిర్గాకి,

అందరం క్షేమం. పశువులు కొట్టంలోకి వచ్చేశాయి. దొలోన్ కనుమ దగ్గర మంచు బాగా పడుతోందట, టాక్సీలు ఆగిపోతున్నాయి. శుక్రవారం బయల్దేరకు. దారిలో చిక్కుకుంటావు.

నానమ్మ బాగుంది. ఎక్కువగా పడుకునే ఉంటోంది. నువ్వు వచ్చే నెల రా. అప్పటికి బాబాయిలు, మేనత్తలు అందరూ ఇక్కడే ఉంటారు. తొందరేం లేదు.

వేడిగా బట్టలు వేసుకో.

మీ అక్క జుమాగుల్


బిష్కెక్,
నవంబరు, సోమవారం.

అక్కా,

నీ ఉత్తరం అందింది. శుక్రవారం రాలేదు. తాష్తాన్‌ని అడిగితే కనుమ తెరిచే ఉందన్నాడు, కానీ నువ్వు మూసి ఉందన్నావు కాబట్టి ఆగాను.

నువ్వు నన్ను "ప్రియమైన చెల్లెలు" అని ఎప్పుడూ రాయలేదు. "మీ అక్క" అనీ రాయలేదు. నేను చేసిందానికి కోపమైతే చెప్పు.

మంగళవారం పొద్దున్న బావ కార్ఖానాకి ఫోన్ చేశాడు. అప్పుడు జరిగింది అలాగే రాస్తున్నాను, మీకు నా మీద కోపం దాని వల్లేమో చూడు. "నానమ్మకి కొంచెం ఒంట్లో బాలేదు, ఇవాళే రా" అన్నాడు. జ్వరమా అన్నాను. లేదన్నాడు. టీ తాగిందా అన్నాను. కాసేపాగి, "తాగింది" అన్నాడు. నొప్పి ఏమైనా ఉందా అన్నాను. "లేదమ్మా, ఇప్పుడు నొప్పేం లేదు" అన్నాడు. అయితే సరే బావా, ఇవాళ మధ్యాహ్నం వెనేరా దగ్గర పని ఉంది, ముందే అనుకున్నట్టు శుక్రవారం వస్తానన్నాను. గాలి చప్పుడు వినిపించింది, వెనకాల ఎవరో మేకులు కొడుతున్నారు. "నీ ఇష్టం" అని పెట్టేశాడు. నువ్వు కూడా బాగుందని రాశావు కాబట్టి నేను అనుకున్నది సరైందే అనుకుంటున్నాను.

దారం పూర్తయింది. మోచేతి కింద చివర్లు కలిశాయి. ఈసారి కూడా నిద్ర పట్టింది, అక్కడే, బల్ల మీదే. వెనేరా లేపలేదు. లేచాక నా చెయ్యి చూసి ఇది నాది అనుకున్నాను. అంతవరకే అనుకున్నాను, కానీ అంత సూటిగా ఎప్పుడూ అనుకోలేదు. ఇప్పుడు చర్మం పొట్టు రాలుతోంది, దురద. గోకకూడదు. దాని మీద అరచెయ్యి ఆనించి గట్టిగా నొక్కుతున్నాను.

నువ్వు ఆపమన్నావు, నేను ఆపలేదు. నీ కూతురి సంబంధాల గురించి ఆలోచించాను.

నానమ్మకి తెల్ల హల్వా పంపుతున్నాను, మెత్తటిది, పళ్లు అక్కర్లేదు. రోజుకి కొంచెం పెట్టు, ఒకేసారి ఇస్తే మొత్తం తినేస్తుంది.

సిర్గా


ఆత్‌బాషీ,
నవంబరు.

హల్వా అందింది. తినేవాళ్లు లేరు.

నానమ్మ మనకి లేదు, సిర్గా. మీ బావ ఫోన్ చేసేటప్పటికే లేదు. ఆ మేకుల చప్పుడు మా వాకిట్లో ఉన్ని గుడారం, యుర్తా, నిలబెడుతున్నది, ఆవిడని పడుకోబెట్టడానికి.

చావు కబురు ఫోన్లో ఎవరు చెప్తారే? మన తాతల నాటి నుంచి ఎవరైనా చెప్పారా? దూరంలో ఉన్నవాళ్లని ఒంట్లో బాలేదనే పిలుస్తాం. వచ్చాక పెద్దవాళ్లు చుట్టూ కూర్చుని, భుజం పట్టుకుని, అప్పుడు చెప్తారు. ఒంటరిగా ఉన్న మనిషి చెవిలో ఆ మాట పొయ్యకూడదని. "కొంచెం ఒంట్లో బాలేదు, ఇవాళే రా" అంటే బడికెళ్లే పిల్లలకి కూడా తెలుస్తుంది. ఓష్‌లో ఉన్న బాబాయి అదే మాట విని చెప్పుల కాళ్లతో బయల్దేరాడు. నువ్వు "టీ తాగిందా" అన్నావట. ఆయన ఏమంటాడు? ఫోన్ పెట్టేసి వచ్చి కొట్టం వెనక్కి వెళ్లి నిలబడ్డాడు.

మేమిక్కడ యుర్తాలో శోకాలు పెడుతుంటే నువ్వక్కడ సూది కింద నిద్రపోయావు. నీ ఉత్తరంలో అది చదివి కాగితం నలిపేశాను. మళ్లీ తీసి సాపు చేసుకున్నాను.

నలభయ్యో రోజుకి రావాలి. బాబాయిలు వస్తారు, నీకు పద్ధతి ప్రకారం చెప్తారు. నీకు తెలిసిందని వాళ్లకి తెలియకూడదు, ఉత్తరంలో చెప్పానంటే నన్ను బతకనివ్వరు. వాళ్లు చెప్పేదాకా ఏమీ తెలియనట్టు కూర్చో. చెప్పాక ఏడువు. ఏడుపు రాకపోతే మొహానికి చేతులు అడ్డం పెట్టుకో, మిగతాది నేను చూసుకుంటాను. చేతులు పూర్తిగా కప్పే చొక్కా వేసుకో.

జుమాగుల్


బిష్కెక్,
నవంబరు ఆఖరు.

అక్కా,

నీ ఉత్తరం పని దగ్గర చదివాను. మడిచి జేబులో పెట్టుకుని గుడ్డ కత్తిరించడానికి వెళ్లాను. సాయంత్రం యజమానురాలు వచ్చి అరిచింది. రోజంతా కోట్లకి ఎడమ చేతులే కత్తిరించానట. కట్టలు కట్టలుగా, అన్నీ ఎడమవే. నేను చూసుకోలేదు. ఇంటికి పంపేసింది. అప్పటి నుంచి మంచంలో ఉన్నాను. ఏడుపు రాలేదు. ఆకలి కూడా లేదు. చెయ్యి మీద దారం ఉందని తెలుస్తోంది, మిగతా ఒళ్లు తెలియడం లేదు.

నాకు కొన్ని తెలియాలి. నీళ్లు ఎవరు పోశారు? గోరువెచ్చగా ఉన్నాయా? నానమ్మకి చన్నీళ్లు పడవు. తల ఎవరు పట్టుకున్నారు?

ఇంకొకటి. బావ ఫోన్ చేసింది మంగళవారం. మన దగ్గర మూడో రోజున మట్టికి తీసుకెళ్తారు కాబట్టి అది గురువారం. నువ్వు ఉత్తరం రాసింది బుధవారం. అంటే ఆ ఉత్తరం రాసేటప్పుడు నానమ్మ యుర్తాలో ఉంది. నాకు మాట అర్థం కాలేదని నీకు అప్పటికే తెలుసు. బుధవారం సాయంత్రం బయల్దేరినా నేను అందుకునేదాన్ని. నువ్వు రమ్మని మళ్లీ రాయలేదు. బాగుంది, రావద్దు అని రాశావు. అది పద్ధతి కాదు కదా. పద్ధతి అయితే రమ్మంటారు. మరి ఎందుకు? గొడవకి అడగడం లేదు. ఎంతసేపు ఆలోచించినా నాకు తెలియడం లేదు.

తెలియనట్టు కూర్చోలేను. మొహానికి చేతులు అడ్డం పెట్టుకోగలను, కానీ అది అబద్ధం, నానమ్మ ఇంట్లో నేను అది చెయ్యను.

"మనకి లేదు" అన్నావు. "ఒంట్లో బాలేదు" అన్నారు. "బాగుంది" అన్నావు. ఇంతమంది ఇన్ని మాటలు అన్నారు, ఏదీ లోపలికి వెళ్లడం లేదు. నువ్వు నా అక్కవి. అసలు మాట ఒక్కసారి నువ్వు నాకు రాయి. రాస్తే నలభయ్యో రోజుకి వస్తాను, రాయకపోతే ఇక నీ ఉత్తరాల్లో ఏది నిజమో నాకు తెలీదు, చదవడం మానేస్తాను. బెదిరింపు కాదు. నాకు నిజంగా అలాగే ఉంది.

సిర్గా


ఆత్‌బాషీ,
డిసెంబరు.

సిర్గా,

నానమ్మ చచ్చిపోయింది.

ఈ మాట రాయడానికి నాకు ఇన్ని రోజులు పట్టింది. రాసి చూస్తే కాగితం కాలిపోలేదు. నీకు కావల్సినట్టే మిగతాదీ రాస్తాను.

మంగళవారం తెల్లవారుజామున చచ్చిపోయింది. నేను టీ పట్టుకెళ్లేసరికి నోరు తెరుచుకుని ఉంది, ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది. టీ తాగలేదు. నొప్పి పడిందో లేదో నాకు తెలీదు, పడలేదని మేం అనుకుంటున్నాం.

నీళ్లు గోరువెచ్చగానే ఉన్నాయి, మోచెయ్యి ముంచి చూశాను. తల పెద్ద మేనత్త పట్టుకుంది. పోసింది నేను. బాగా పొయ్యలేదు. చెంబు పక్కకి ఒరిగి నీళ్లు చెవిలోకి పోయాయి, నా కన్నీళ్లు చెంబులో పడ్డాయి, బూబూసారా రెండుసార్లు నీళ్లు పారబోయించి మళ్లీ తెప్పించింది. నానమ్మ భయపడ్డట్టే జరిగింది. శుభ్రమైన చేతులన్నీ ఉన్నాయి అక్కడ, ఒక్కటీ పనికిరాలేదు.

బుధవారం సంగతి. మీ బావ మళ్లీ ఫోన్ చేసి ఈసారి సూటిగా చెప్తానన్నాడు. నేనే వద్దన్నాను. నువ్వు వస్తే బూబూసారా అందరి ముందు నీ చెయ్యి లాగి చూస్తుందని, నువ్వు దాచకుండా చూపిస్తావని, నిన్ను గుమ్మంలోంచి పంపేస్తే నేను నీ పక్కన నిలబడనని నాకు తెలుసు. నీకు అవమానం కాకూడదని అనుకున్నాను. అబద్ధం. నాకు కాకూడదని అనుకున్నాను. అందుకే బాగుంది, రావద్దని రాశాను. నానమ్మ నాకు పది అడుగుల దూరంలో ఉంది అది రాసేటప్పుడు.

చచ్చిపోవడానికి ముందు రోజు సాయంత్రం ఆవిడకి నీ పచ్చబొట్టు సంగతి చెప్పేశాను. నీ మీద ఫిర్యాదుగానే చెప్పాను. తిడుతుందని. "ఏ దారం వేయించుకుంది, కుడిదా ఎడమదా?" అంది. రెండూ అన్నాను. "అయితే సరే. ఒక్కటే అయితే చెయ్యి మెలిపడుతుంది" అని అటు తిరిగి పడుకుంది. అవే ఆఖరి మాటలు. ఇందులో పెద్ద అర్థమేం ఉందో నాకు తెలీదు, ఆవిడకి నిద్ర వస్తోందనుకుంటాను.

నీకు తెలిసిపోయిందని బాబాయిలకి చెప్పాను. నేనే చెప్పానని కూడా. అరిచారు. మా అత్తగారు నాతో మాట్లాడటం మానేసింది, ఇల్లు కాస్త ప్రశాంతంగా ఉంది. నలభయ్యో రోజుకి రా. ఏ చొక్కా వేసుకుంటావో నీ ఇష్టం. ఏడవాల్సిన పని లేదు.

ఒక్కటి గుర్తు పెట్టుకో, నీకు సూటిగా చెప్తున్నాను. నా వంతు వచ్చినప్పుడు నీళ్లు నువ్వే పొయ్యాలి. పిల్లలకీ, మీ బావకీ చెప్పి ఉంచాను. కానీ ఇక్కడి మనుషులు మారరు, ఆ రోజు కూడా ఎవరూ నీకు నిజం చెప్పరు. ఎప్పుడైనా ఎవరైనా ఫోన్ చేసి, మీ అక్కకి కొంచెం ఒంట్లో బాలేదు అంటే, నేను చచ్చిపోయానని అర్థం. టీ తాగిందా అని అడగకు. బయల్దేరు.

జుమాగుల్